వేరుబుడిపె నులిపురుగులకు మొక్కల కషాయాలు పోస్తే నిజంగా తగ్గుతాయా?

పందిరినీడ
టమాటా, తర్వాత కీరదోస, ఆ తర్వాత వంగ, మళ్లీ టమాటా. కొన్నేళ్లుగా ఇదే వరుస. ఈసారి నేల తడిగా ఉన్నా సరే, మధ్యాహ్నం అయ్యేసరికి టమాటా మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. సాయంత్రానికి మళ్లీ లేస్తున్నాయి. ఎరువు ఎంత వేసినా ఆకు పాలిపోయే ఉంది. పీకి చూస్తే వేరు నిండా బుడిపెలు.

కోత మొదలైన తోట కాబట్టి రసాయన గుళికల జోలికి వెళ్లదలచుకోలేదు. బంతి ఆకు, వేపాకు నానబెట్టి, వడకట్టి మొదళ్లలో పోస్తున్నాను. ఏ తేడా కనిపించడం లేదు. ఎక్కడ చదివినా పది ఆకుల పేర్లు చెప్పి ‘నులిపురుగులు నశిస్తాయి’ అని ముగించేస్తున్నారు. ఎంత చిక్కదనం ఉండాలి, మొక్కకు ఎంత పోయాలి, పంట ఏ దశలో పోయాలి అన్నది ఎవరూ చెప్పడం లేదు. చేసి చూసినవారు చెప్పండి. పనిచేయదంటే అదీ చెప్పండి, వినడానికి సిద్ధంగా ఉన్నాను.

చిట్టిచాలు
ముందు రోగం ఖాయం చేసుకోండి. మధ్యాహ్నం వాడి సాయంత్రం తేరుకోవడం బాక్టీరియా ఎండు తెగులు మొదట్లో కూడా ఉంటుంది. మొదలు దగ్గర కాండం ముక్క కోసి గాజు గ్లాసులో నీళ్లలో వేలాడదీయండి. కాసేపటికి పాల లాంటి తీగ దిగితే అది బాక్టీరియా. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. నులిపురుగు చేసిన గాయం నుంచే ఆ తెగులు సులువుగా లోపలికి పోతుంది.

పందిరినీడ
చిట్టిచాలు గారూ, అది చూశాను, నీళ్లు తేటగానే ఉన్నాయి. వేరును బకెట్లో ముంచి మెల్లగా కడిగితే బుడిపెలు పూసల్లా వరుసగా కనిపిస్తున్నాయి, ముదురు వేళ్ల మీద ఒకదానిలో ఒకటి కలిసిపోయి గడ్డలయ్యాయి. ఒక బుడిపెను బ్లేడుతో చీల్చి భూతద్దంలో చూస్తే లోపల గుండుసూది మొన అంత తెల్లని మెరిసే చుక్కలు ఉన్నాయి. కొన్ని బుడిపెల బయట గోధుమరంగు జిగురు ముద్ద అంటుకుని ఉంది.

సూక్ష్మదృష్టి
అయితే సందేహం అక్కర్లేదు, వేరుబుడిపె నులిపురుగే. శాస్త్రీయ నామం మెలాయిడోగైనీ. ఆ తెల్ల చుక్క ఆడ పురుగు, బయటి జిగురు ముద్ద దాని గుడ్ల సంచి. ఒక్కో సంచిలో కొన్ని వందల గుడ్లు ఉంటాయి.

మీ కషాయం ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు సమాధానం మీరు చీల్చి చూసిన ఆ బుడిపెలోనే ఉంది. గుడ్డు నుంచి వచ్చిన రెండో దశ పిల్ల సుమారు 0.4 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, కంటికి కనిపించదు. మట్టి రేణువుల మధ్య ఉండే నీటి పొరలో ఈదుతూ వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. దూరాక కొన్ని కణాలను ఎంచుకుని వాటిని రాక్షస కణాలుగా మార్చి, అక్కడే స్థిరపడి జీవితమంతా తింటుంది. చుట్టూ వేరు ఉబ్బడమే బుడిపె. అంటే మీకు బుడిపె కనిపించేసరికి పురుగు ఇల్లు కట్టుకుని తలుపు వేసుకుంది. మట్టిలో పోసిన కషాయం వేరు కణజాలం లోపలికి ఆ మోతాదులో చేరదు. జిగురు సంచి లోపలి గుడ్లకూ సరిగా అందదు. దొరికేది మట్టిలో ఈదుతున్న పిల్ల ఒక్కటే, అది కూడా వేరులో దూరేలోపు.

25 నుంచి 28 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి గుడ్డు దాకా మూడు నాలుగు వారాలు చాలు. నాలుగు నెలల పంటలో మూడు, నాలుగు తరాలు తిరిగిపోతాయి. కాబట్టి కోత దశలో మొదలుపెట్టిన కషాయం, ఏ ఆకుదైనా సరే, ఈ పంటను కాపాడలేదు.

మొలకల_మడి
ఇంత నిరాశ అక్కర్లేదండి. నేను నారు పెంచి తోటి రైతులకు ఇస్తాను. వేప గింజల కషాయం వాడటం మొదలుపెట్టాక నా నారు వేళ్లలో బుడిపెలు కనిపించడం లేదు. పనిచేస్తుంది.

సూక్ష్మదృష్టి
మొలకల_మడి గారూ, మీరు నారుమడిలో, పురుగు దూరకముందు వాడుతున్నారు. నేను చెప్పినదానికి మీ అనుభవం సాక్ష్యమే కానీ ఎదురు కాదు.

ఆకుపసరు
నేను మాత్రం ఒప్పుకోను. బంతి, వేప, వెల్లుల్లి, ఆముదపు ఆకు వీటన్నిటి మీదా ప్రయోగశాలల్లో ఎన్నో పరీక్షలు జరిగాయి. కషాయంలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో నూటికి తొంభై పైగా పురుగులు చచ్చాయని రాస్తున్నారు కదా. అవన్నీ అబద్ధాలా?

సూక్ష్మదృష్టి
అబద్ధాలు కావు, కానీ చదివేటప్పుడు ఒకటి గమనించాలి. గాజు పళ్లెంలో కషాయం పోసి, అందులో పురుగులను వేసి, కదలని వాటిని లెక్కపెడతారు. కదలనిదల్లా చచ్చినట్టు కాదు. మంచి పరీక్షలో ఆ పురుగులను తీసి మామూలు నీళ్లలోకి మార్చి ఒక రోజు ఆగి మళ్లీ చూస్తారు. చాలా కషాయాల్లో కొంత భాగం తిరిగి మెలికలు తిరగడం మొదలవుతుంది. అంటే మత్తెక్కింది కానీ చావలేదు. పొలంలో రెండో రోజు నీళ్లు పెట్టగానే జరిగేది అదే. ఈసారి ఏ పరిశోధన చదివినా ‘నీళ్లలోకి మార్చి చూశారా’ అన్నది వెతకండి. ఆ వాక్యం లేకపోతే ఆ శాతాన్ని సగం నమ్మండి చాలు.

లెక్కలచేను
దీనికి ఇంకో కోణం ఉంది, లెక్క వేసి చూద్దాం. ఎకరం అంటే దాదాపు 4,000 చదరపు మీటర్లు. వేళ్లు ఎక్కువగా ఉండే పై 20 సెంటీమీటర్లు తీసుకుంటే 800 ఘనపు మీటర్ల మట్టి. తడి నేలలో నాలుగో వంతు నీరు ఉందనుకుంటే 200 ఘనపు మీటర్లు, అంటే రెండు లక్షల లీటర్లు. గాజు పళ్లెంలో పనిచేసిన 5 శాతం చిక్కదనం ఆ నేల మొత్తంలో రావాలంటే లీటరుకు 50 గ్రాముల చొప్పున పది టన్నుల ఆకు కావాలి. పైగా మట్టిలోని బంకమన్ను, సేంద్రియ పదార్థం మందులో కొంత పట్టేసుకుంటాయి, సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి.

రెండు డ్రమ్ముల కషాయం ఎకరానికి పోయడం సముద్రంలో కాకిరెట్ట.

ఆకుపసరు
లెక్కలచేను గారి లెక్క బాగుంది కానీ ఎకరం మొత్తం ఎవరు తడుపుతారు? మేము పాదులో పోస్తాం. ఎకరానికి 10,000 మొక్కలు, మొక్కకు అర లీటరు. 5,000 లీటర్లు. 5 శాతానికి 250 కిలోల వేప గింజల పొడి. ఇదేమీ అసాధ్యం కాదు.

లెక్కలచేను
ఇది న్యాయమైన మాట, ఒప్పుకుంటున్నాను. పాదుకు పరిమితం చేస్తే లెక్క నలభై రెట్లు తగ్గుతుంది. అయితే ఇంకో ప్రశ్న. 250 కిలోల గింజలు ఉంటే నానబెట్టి, వడకట్టి, పిప్పి పారేసి నీళ్లు మాత్రమే పోయడం ఎందుకు? అంత బరువు వేప పిండినే (గింజల నూనె తీశాక మిగిలే చెక్క) నాటే ముందు పాదులో కలిపితే సరిపోదా?

మొలకల_మడి
సరిపోతుంది, పైగా మేలు. కషాయంలో ఉండే అజాడిరక్టిన్, అంటే వేపలోని ముఖ్యమైన చేదు పదార్థం, ఎండకు త్వరగా విరిగిపోతుంది, మట్టిలో కూడా ఎక్కువ కాలం నిలవదు. పిండి మెల్లగా కుళ్లుతూ ఆ చేదు పదార్థాలను వదులుతూ ఉంటుంది. అందులోని నత్రజని అమోనియాగా మారేటప్పుడు అది కూడా నులిపురుగుకు పడదు. ఆ పిండి మీద పెరిగే శిలీంధ్రాలు, బాక్టీరియా కొన్ని గుడ్లను తింటాయి. అంటే ఒకే పిండి మూడు దారుల్లో పనిచేస్తుంది.

జాగ్రత్త ఒక్కటే. నాటిన రోజే వేస్తే ఆ అమోనియా లేత వేళ్లను కూడా కాలుస్తుంది. రెండు మూడు వారాల ముందే కలిపి, తడి పెట్టి ఉంచాలి.

తడిమట్టి
ఇది వేప పిండికే కాదు, ఆముదం పిండి, కానుగ పిండి, ఆవ పిండి అన్నిటికీ వర్తిస్తుంది. ఆముదం పిండి ఉన్న చోటికి పశువులను, కుక్కలను రానివ్వకండి. అందులోని రిసిన్ ప్రాణం తీస్తుంది.

పందిరినీడ
అంటే నేను వాడిన వేపాకు కన్నా గింజ మేలా?

మొలకల_మడి
చాలా మేలు. అజాడిరక్టిన్ ప్రధానంగా గింజ పప్పులో ఉంటుంది, ఆకులో చాలా తక్కువ. పప్పును పొడి కొట్టి, 5 కిలోలు 100 లీటర్ల నీళ్లకు చొప్పున రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వడకట్టి ఆ రోజే వాడేయాలి. మరిగించకండి, వేడికి సారం పోతుంది. బూజు పట్టిన గింజలు, ఏళ్ల నాటి గింజలు కూడా వద్దు. నేను నారు ట్రేలలో కొబ్బరిపొట్టుకు వేప పిండి ముందే కలిపి మాగబెడతాను, మొలక నాలుగు ఆకులకు వచ్చాక ఈ కషాయంతో తడుపుతాను, నాటే ముందు ఇంకోసారి. ట్రేలో ఉండేది గుప్పెడు మట్టే కాబట్టి లెక్కలచేను గారి రెండు లక్షల లీటర్ల బాధ అక్కడ లేదు.

చిట్టిచాలు
ఇక్కడే అసలు విషయం ఉంది. నాటిన తొలి మూడు నాలుగు వారాల్లో వేరును కాపాడితే చాలా వరకు పంట గట్టెక్కుతుంది. లేత మొక్కకు పట్టిన నులిపురుగు చేసినంత నష్టం, కాయ పట్టిన మొక్కకు పట్టింది చేయదు. కషాయానికి ఆ అవకాశం ఒక్కటే ఉంది.

పూలచాలు
బంతి సంగతి ఎవరూ తేల్చలేదు. పందిరినీడ గారు బంతి ఆకు పోశారు, నేను బంతి మొక్కలే వేస్తాను. రెండూ ఒకటేనా?

సూక్ష్మదృష్టి
ఒకటి కానే కాదు, ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది ఇదే. బంతిలో నులిపురుగును చంపే ఆల్ఫా టెర్థియెనిల్ అనే పదార్థాన్ని 1958లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు బంతి వేళ్ల నుంచి వేరు చేశారు. గమనించండి, వేళ్ల నుంచి. బతికి ఉన్న వేరులోకి పురుగు దూరినప్పుడు, ఆ వేరు చుట్టూ తిరిగినప్పుడు దాని ప్రభావం బాగా ఉంటుంది. ఆకు నానబెట్టి వడకట్టిన నీళ్లలో ఆ శక్తిని ఆశించలేం.

ఇక మొక్కలు వేయడంలో కూడా చాలుకు ఒకటి చొప్పునో గట్టు మీదో బంతి మొక్క పెడితే పెద్ద ప్రయోజనం లేదు. బంతి వేరు ఉన్న చోటే దాని పని. టమాటాకు ముందు ఆ మడి మొత్తం ఒత్తుగా బంతి వేసి, కనీసం రెండు నెలలు పెంచి, కలుపు లేకుండా చూసి, తర్వాత దున్నాలి. కలుపు ఉంటే నులిపురుగు కలుపు వేళ్ల మీద హాయిగా బతుకుతుంది. రకాన్ని బట్టి, నులిపురుగు జాతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఒకచోట అద్భుతంగా పనిచేసిన రకం ఇంకోచోట అంతంతమాత్రమే.

పూలచాలు
రెండు నెలలు మడి మొత్తం బంతికి ఇవ్వడం నాకు కష్టం కాదు, పూలు కోసుకుంటాను కదా. కూరగాయలు మాత్రమే వేసేవారికే ఇబ్బంది.

తడిమట్టి
అలాంటివారికి జనుము. పచ్చిరొట్టగా వేసి పూతకు వచ్చేసరికి దున్నేయండి. వేరుబుడిపె నులిపురుగు దాని వేరులో సరిగా వృద్ధి చెందలేదు, నేలకు నత్రజని కూడా వస్తుంది. కానీ పచ్చిరొట్ట అన్న పేరు వినగానే ఏదో ఒక పప్పుజాతి విత్తనం చల్లకండి. అలసంద వంటివాటిలో చాలా రకాలు నులిపురుగుకు విందు భోజనమే.

ఘాటుగాలి
ఆవజాతి మొక్కలను ఎవరూ తలవలేదేమి? ఆవాకును ముక్కలు చేసినప్పుడు వచ్చే ఘాటు ఐసోథయోసయనేట్ అనే వాయువుది. మెటామ్ సోడియం అనే నేల ధూపన రసాయనం మట్టిలో విడుదల చేసేది కూడా ఇదే కుటుంబపు వాయువు. పూత దశలో మొక్కను వీలైనంత సన్నగా నలగ్గొట్టి, ఆ పూటే మట్టిలో కలిపి, నీళ్లు పెట్టి, పాలిథిన్ పట్టా కప్పేయాలి. మొక్కలో ఆ ఘాటుకు మూలమైన పదార్థం ఒక గదిలో, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. నలిగితేనే రెండూ కలుస్తాయి. పెద్ద ముక్కలుగా కోసి వదిలేస్తే ఎరువు మాత్రమే అవుతుంది.

పరిమాణం కూడా ముఖ్యం. చదరపు మీటరుకు ఐదు కిలోల దాకా పచ్చి రొట్ట కావాలి.

సూక్ష్మదృష్టి
ఘాటుగాలి గారికి ఒక చేర్పు. ఆవజాతి మొక్కల్లో చాలావాటి వేళ్లలో ఈ నులిపురుగు పెరగగలదు. కాబట్టి పూత దాటనివ్వకండి, పురుగు గుడ్లు పెట్టేలోపే దున్నేయాలి. కలిపాక విత్తడానికి కూడా రెండు వారాలు ఆగండి, ఆ వాయువు మొలకనూ చంపుతుంది.

ఆకుపసరు
వెల్లుల్లి?

ఘాటుగాలి
వెల్లుల్లిలోని గంధక పదార్థాలకు నిజంగానే శక్తి ఉంది. వాటితో తయారైన నులిపురుగు మందులు కొన్ని దేశాల్లో అనుమతి పొంది వాడుకలో ఉన్నాయి. కానీ అవి గాఢత కొలిచి, స్థిరపరిచి చేసినవి. ఇంట్లో దంచిన వెల్లుల్లి బలం రకాన్ని బట్టి, దంచాక గడిచిన సమయాన్ని బట్టి మారిపోతుంది. చిక్కగా పోస్తే లేత నారు ఆకు అంచులు మాడతాయి, ముందు నాలుగు మొక్కల మీద చూసుకోండి. నేను పోసిన రోజు మాత్రం తోటలో ఒక్క కుక్క కూడా తిరగలేదు!

చేనిగట్టు
పొగాకు కాడల కషాయం వాడండి. ఇంకేమీ అక్కర్లేదు. ఉమ్మెత్త ఆకు కూడా కలిపితే ఏ పురుగూ మిగలదు. అన్నీ మొక్కలే కదా, మనకు హాని లేదు.

చిట్టిచాలు
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయే తీవ్రమైన విషం. ఉమ్మెత్త సంగతి చెప్పనక్కర్లేదు. మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనే మాట తోటల్లో ఎంతోమందిని ఆసుపత్రి పాలు చేసింది. ఇంకో విషయం, పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో కూడా బతికి ఉంటుంది. ఆ కషాయం టమాటాకు, మిరపకు పోయడమంటే మన చేత్తో మనమే వైరస్ అంటించడం.

చేనిగట్టు
వైరస్ మాట ఇప్పుడే వింటున్నాను. మా పెద్దలు వాడేవారని చెప్పాను.

లెక్కలచేను
పెద్దలు వాడారంటే అది పరీక్షించి చూడదగినదని అర్థం, అంతే. పరీక్ష ఎలా చేయాలో కూడా చెప్పుకుందాం. కషాయం పోసిన మడి పక్కనే ఉత్త నీళ్లు పోసిన మడి లేకపోతే ఏదీ తేలదు. నులిపురుగు పొలమంతా సమానంగా ఉండదు, అతుకులు అతుకులుగా ఉంటుంది. అందుకని ఒక పెద్ద ముక్క ఇటు, ఒక పెద్ద ముక్క అటు కాకుండా, చిన్న చిన్న మడులను కలగలిపి వేసి చూడాలి.

పంట చివర్లో వేళ్లు పీకి బుడిపెలు లెక్కపెట్టండి. టేలర్, సాసర్ 1978లో ఇచ్చిన కొలమానం సులువు. బుడిపె లేకపోతే 0, ఒకటి రెండు ఉంటే 1, మూడు నుంచి పది దాకా 2, ముప్పై దాకా 3, వంద దాకా 4, వంద దాటితే 5. ఆకు పచ్చబడిందా, కాయ పెరిగిందా అని చూస్తే మోసపోతాం. కషాయంలోని పోషకాలకు కూడా ఆకు పచ్చబడుతుంది.

బీరపాదు
బీన్స్ వేళ్ల మీద బుడిపెలు చూసి భయపడుతున్నాను. ఇవీ అవేనా?

సూక్ష్మదృష్టి
గోటితో నెట్టి చూడండి. రైజోబియం అనే, నత్రజని అందించే మేలు బాక్టీరియా బుడిపె వేరు పక్కన అంటుకుని ఉంటుంది, సులువుగా ఊడుతుంది, చీలిస్తే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బింది కాబట్టి ఊడదు, లాగితే వేరు తెగుతుంది. గులాబీ రంగు కనిపిస్తే సంతోషించండి.

మొలకల_మడి
తట్టుకునే టమాటా రకాల మాట ఎవరూ ఎత్తలేదు. అది ఉంటే ఈ కషాయాల గొడవ సగం తగ్గుతుంది కదా.

సూక్ష్మదృష్టి
నిజమే. 1940లలో అడవి టమాటా జాతి నుంచి వచ్చిన ఎమ్ఐ అనే జన్యువు ఈనాటికీ చాలా రకాల్లో పనిచేస్తోంది. కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే దాని పట్టు సడలుతుంది. అది అదుపు చేయలేని నులిపురుగు జాతులు కూడా ఉన్నాయి. వంగకు, టమాటాకు సొలానమ్ టార్వమ్ అనే అడవి వంగ వేరు మీద అంటు కట్టడం ఇంకో దారి.

పందిరినీడ
అందరికీ కృతజ్ఞతలు. నాకు అర్థమైనది రాస్తాను, సరిచూడండి. ఈ టమాటాలో కషాయం ఆపేస్తాను. కోత అయ్యాక మొక్కలను వేళ్లతో సహా పీకి పొలం బయట ఎండబెట్టి కాల్చేస్తాను. ఎండ వేడికి నేలలోని పురుగులు చావడానికి మండు వేసవిలో తడి నేల మీద పారదర్శక పట్టా నాలుగు నుంచి ఆరు వారాలు కప్పుతాను. తర్వాత కీరదోస బదులు జనుము. దున్నాక వేప పిండి పాదుల్లో కలిపి మూడు వారాలు ఆగుతాను. నారు మొలకల_మడి గారి పద్ధతిలో పెంచి, నాటిన రోజు, ఆ తర్వాత పది రోజులకు ఇంకోసారి వేప గింజల కషాయం పాదుకు అర లీటరు. నాలుగు చాళ్లకు ఉత్త నీళ్లు, పోల్చి చూడటానికి.

తడిమట్టి
వేళ్లు పీకేటప్పుడు సన్న వేళ్లు తెగి నేలలోనే మిగులుతాయి, గుడ్ల సంచులు ఎక్కువగా వాటి మీదే. తేలికగా తడిపి పారతో మట్టి వదులు చేసి పీకండి. పీకిన మొక్కలను చాళ్ల మీదుగా ఈడ్చుకుని పోకండి, బస్తాలో వేసి మోయండి. ఆ పొలంలో వాడిన పార, ట్రాక్టరు చక్రాలు కడగకుండా వేరే మడిలోకి తీసుకెళ్లవద్దు.

లెక్కలచేను
పట్టా తీశాక, నాటే ముందు ఒక పని చేయండి. నాలుగైదు చోట్ల నుంచి వేరు లోతు మట్టి తీసి కుండీల్లో పోసి కీరదోస విత్తనం వేయండి. నాలుగు వారాలకు వేళ్లు కడిగి చూస్తే ఎక్కడ ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఉన్న వేప పిండిని ఆ మడులకే ఎక్కువగా కేటాయించవచ్చు.

పందిరినీడ
కుండీల పరీక్ష తప్పకుండా చేస్తాను. నాలుగు చాళ్ల బుడిపెల లెక్క పంట అయ్యాక ఇక్కడే రాస్తాను, తగ్గినా తగ్గకపోయినా.

ఆకుపసరు
నేనూ నా తోటలో ఉత్త నీళ్ల చాళ్లు వదిలి చూస్తాను. మొలకల_మడి గారూ, ట్రేలలో కొబ్బరిపొట్టుకు వేప పిండి ఏ పాళ్లలో కలుపుతారు?

మొలకల_మడి
వంద కిలోల తడి పొట్టుకు ఐదారు కిలోలు, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రంతో కలిపి నీడలో తడి ఆరకుండా కప్పి రెండు వారాలు. అమోనియా వాసన పూర్తిగా పోయాకే విత్తనం వేయండి. ఇంకా వాసన ఉంటే తిరగేసి మరికొన్ని రోజులు ఉంచండి.